ఫ్రాన్స్‌లో ప్రకటన చిత్రీకరణ: ఫొటోగ్రాఫర్, ఏజెంట్, నిర్మాణ సంస్థ, వీరిలో ఎవరిని ఎప్పుడు ఎంచుకోవాలి

ఫ్రాన్స్‌లో ప్రకటన ఫొటోలు గానీ యాడ్ ఫిల్మ్ గానీ తీయించుకోవాలనుకునే సంస్థలు మొదట అడిగే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: అక్కడ మంచి ఫొటోగ్రాఫర్ ఎవరు, మంచి దర్శకుడు ఎవరు? హైదరాబాద్‌లో ఉండి ఇలాంటి షూటింగులకు ఏర్పాట్లు చూసేవాణ్ణిగా నేను చెప్పేది, ఆ ప్రశ్నను మూడో స్థానానికి జరపమని. మొదట తేల్చుకోవలసింది, తీసిన చిత్రం ఎక్కడ, ఎంతకాలం, ఏ రూపంలో కనిపించబోతోందన్నది. రెండోది, షూటింగ్ రోజున అక్కడ పనిచేసే ప్రతి మనిషికీ చట్టం దృష్టిలో యజమాని ఎవరన్నది. ఈ రెండూ తేలితే పనితనం ఉన్న మనిషిని వెతకడం కష్టం కాదు, ఎందుకంటే పారిస్‌లో పనితనానికి కొదవ లేదు. తేలకుండా వెళితే మాత్రం, ఎంత పేరున్న మనిషిని కుదుర్చుకున్నా, చేతికొచ్చిన చిత్రాన్ని కావలసిన చోట వాడుకోలేని పరిస్థితి ఎదురవుతుంది.

మన ముందున్న దారులు నాలుగు. ఫొటోగ్రాఫర్‌తో నేరుగా మాట్లాడుకోవచ్చు. ఆయన ఏజెంట్ ద్వారా వెళ్లవచ్చు. దర్శకులను తన తరఫున నిలుపుకొన్న నిర్మాణ సంస్థకు యాడ్ ఫిల్మ్ మొత్తాన్ని అప్పగించవచ్చు. లేదంటే దర్శకుణ్ణీ ఛాయాగ్రాహకుణ్ణీ ఇక్కడినుంచే తీసుకెళ్లి, అక్కడి నిర్మాణ సంస్థ చేత ఏర్పాట్లు మాత్రం చేయించుకోవచ్చు. ఈ నాలుగింటి కొటేషన్లనూ పక్కపక్కన పెట్టి ఏది తక్కువో చూసి నిర్ణయించేవారు చాలామంది ఉన్నారు. అది సరైన పోలిక కాదు, ఎందుకంటే ఆ నాలుగు కొటేషన్లూ నాలుగు వేర్వేరు బాధ్యతలకు కట్టిన వెలలు.

హక్కుల లెక్క ముందు

మన 1957 కాపీరైట్ చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం, డబ్బు చెల్లించి మరొకరి చేత ఫొటో గానీ సినిమా గానీ తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనంతవరకు తీయించుకున్నవారే దాని తొలి హక్కుదారులు. ఈ అలవాటుతోనే మనవాళ్లు ఫ్రాన్స్ వెళతారు. చిక్కులన్నీ అక్కడే మొదలవుతాయి. ఫ్రెంచ్ మేధోసంపత్తి స్మృతి ప్రకారం హక్కు పుట్టేది తీసినవాడి దగ్గర. ఆయనకు పారితోషికం చెల్లించినంత మాత్రాన ఆ హక్కు మీ చేతికి రాదు. దాన్ని రాతపూర్వకంగా బదలాయించుకోవాలి. ఆ బదలాయింపులో ఒక్కో హక్కునూ విడివిడిగా పేర్కొనాలి, వాడకం ఎంత మేరకు, ఏ ప్రయోజనానికి, ఏ ప్రాంతంలో, ఎంతకాలం అన్న హద్దులు గీయాలి. 'అన్ని హక్కులూ, అన్ని మాధ్యమాలూ, శాశ్వతంగా' అని ఒక్క వాక్యంలో రాసుకునే మన పద్ధతి అక్కడి న్యాయస్థానంలో నిలవడం కష్టం. ప్రకటన కోసం ప్రత్యేకంగా చేయించుకున్న పనికి అదే స్మృతిలో కొంత వెసులుబాటు ఉంది: వేరుగా రాసుకోకపోతే వాడకపు హక్కులు చేయించుకున్నవారికి బదిలీ అవుతాయి, కానీ ప్రాంతాన్ని, కాలాన్ని, ప్రతుల సంఖ్యను, మాధ్యమాన్ని బట్టి ఒక్కో రకం వాడకానికి ఎంత పారితోషికమో ఒప్పందంలో విడివిడిగా ఉండాలన్నది షరతు. అంటే ఆ వెసులుబాటు కూడా ముందుగా లెక్క వేసుకున్నవారికే.

దీనికితోడు నైతిక హక్కు ఉంది. అది అమ్ముకోవడానికి వీల్లేనిది, కాలపరిమితి లేనిది, వారసులకు సంక్రమించేది. ఫొటో పక్కన తీసినవారి పేరు వేయడం, ఫొటోను వికృతం చేయకుండా ఉండటం దీనికిందికి వస్తాయి. మన డిజైన్ విభాగాలు పండగ ఆఫర్ కోసం ఫొటోను నిలువుగా కత్తిరించి, వెనక నేపథ్యాన్ని మార్చి, మీద పెద్దక్షరాలు పరచడం మామూలే. ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ దాన్ని మామూలుగా తీసుకోకపోవచ్చు. ఎలాంటి మార్పులు చేయవలసి వస్తుందో ముందే చూపించి ఒప్పించుకోవడం ఉత్తమం.

నా సొంత తప్పు ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల క్రితం ఒక నగల సంస్థ కోసం పారిస్‌లో రెండు రోజుల ఫొటో షూట్‌కు ఏర్పాట్లు చూశాను. ఒప్పందంలో ప్రాంతం భారతదేశం, కాలం ఏడాది, మాధ్యమం వెబ్‌సైట్, సోషల్ మీడియా అని రాసుకున్నాం. దసరా ముందు ఆ సంస్థ మార్కెటింగ్ విభాగం అవే ఫొటోలను ఊరంతా హోర్డింగుల మీదికీ, దుబాయ్ షోరూమ్ గోడల మీదికీ ఎక్కించింది. ఫొటోగ్రాఫర్‌కు తెలిసింది. అదనపు వాడకానికి ఆయన అడిగిన మొత్తం తొలి పారితోషికాన్ని మించిపోయింది, చెల్లించక తప్పలేదు. ఆయన అడిగినదాంట్లో అన్యాయం ఏమీ లేదు. హోర్డింగులకూ గల్ఫ్ దేశాలకూ ముందే వెల కట్టించి ఉంచకపోవడం నా లోపం. అప్పటినుంచి కొటేషన్ అడిగేటప్పుడే మూడు వెలలు రాయించుకుంటున్నాను: ఇప్పుడు కచ్చితంగా అవసరమైన వాడకానికి ఒకటి, తరవాత హోర్డింగులకూ టీవీకీ పెంచుకుంటే ఎంతో ఒకటి, మరో ఏడాది పొడిగిస్తే ఎంతో ఒకటి. తరవాతి రెండింటినీ కొననక్కర్లేదు, ఆ వెల ముందే ఖాయమై ఉంటే చాలు.

నేరుగా ఫొటోగ్రాఫర్ దగ్గరికా, ఏజెంట్ దగ్గరికా

వస్తువుల ఫొటోలు, హోటల్ గదులు, వంటకాలు, సంస్థ అధిపతుల చిత్తరువులు, కర్మాగారంలో పని జరిగే తీరు, ఇలాంటివాటికి ఫొటోగ్రాఫర్‌తో నేరుగా మాట్లాడుకోవడమే మేలు. ఒక ఫొటోగ్రాఫర్, ఒక సహాయకుడు, అద్దెకు తెచ్చిన లైట్లు, సగం రోజు స్టూడియో అద్దె, ఇంతటితో పని అయిపోతుంది. ఫ్రాన్స్‌లో ప్రకటన ఫొటోగ్రాఫర్లు ఎక్కువమంది కళాకార-రచయితల సామాజిక భద్రతా విధానం కింద నమోదై ఉంటారు. అందుకే వారి బిల్లులో షూటింగ్ పారితోషికం ఒక పద్దు, హక్కుల బదలాయింపు మరో పద్దు. రెండోదాన్ని చూసి అదనపు వసూలు అనుకోకూడదు. మీరు నిజంగా కొంటున్నది అదే. ఆ రెండు పద్దులూ విడిగా కనిపించని బిల్లు వస్తే మాత్రం సంతోషించకుండా వివరం అడగాలి.

కెమెరా ముందు మోడల్ నిలబడేసరికి ఈ దారి ఇరుకవుతుంది. ఫ్రెంచ్ కార్మిక స్మృతి ప్రకారం, పారితోషికం తీసుకుని ప్రకటనకు పోజిచ్చే మోడల్‌కూ, ఆ పని చేయించుకునేవారికీ మధ్య ఉన్నది ఉద్యోగ సంబంధమేనని చట్టం ముందే భావిస్తుంది. ఒప్పందానికి మీరు ఏ పేరు పెట్టుకున్నా ఆ భావన మారదు. ఆచరణలో లైసెన్సు ఉన్న మోడల్ ఏజెన్సీయే యజమానిగా ఉండి, జీతం స్లిప్పు ఇచ్చి, సామాజిక చందాలు (మన పీఎఫ్, ఈఎస్ఐ లాంటివి) కట్టి, మీకు బిల్లు పంపుతుంది. మోడల్ ఆరోగ్యం పనికి అనుకూలంగా ఉందన్న వైద్య ధ్రువపత్రం కూడా ఉండాలి. పదహారేళ్ల లోపు పిల్లల విషయంలో నియమాలు మరింత కట్టుదిట్టం. ఇక 2017 అక్టోబర్ 1 నుంచి, మోడల్ శరీరాకృతిని సన్నగా గానీ లావుగా గానీ కనిపించేటట్టు మార్చిన ప్రకటన ఫొటోను ఫ్రాన్స్‌లో ప్రదర్శించాలంటే అది మార్చిన ఫొటో అని దాని మీద రాయాలి. రాయకపోతే జరిమానా 37,500 యూరోలు, అది ప్రకటన ఖర్చులో 30 శాతం దాకా కూడా పెరగవచ్చు. మన ప్రచారం భారత్‌కే పరిమితమైతే ఈ చివరి నియమం వర్తించదు, కానీ అదే ఫొటోను పారిస్‌లోని దుకాణంలో పెట్టాలనుకుంటే వర్తిస్తుంది.

ఏజెంట్ ఎందుకు అవసరమో ఇక్కడ తెలుస్తుంది. ఫొటోగ్రాఫర్ల ఏజెంట్ పని పరిచయం చేసి కమిషన్ తీసుకోవడం మాత్రమే కాదు. మోడల్ ఏజెన్సీ, స్టైలిస్టు, మేకప్, స్టూడియో, సెట్టు, రీటచింగ్, వీటన్నిటినీ కూర్చి ఒకే షెడ్యూలుగా, ఒకే కొటేషన్‌గా తేవడం, హక్కుల బేరాన్ని ఫొటోగ్రాఫర్‌కు బదులు తానే నడపడం ఆ పనిలో భాగాలు. పెద్ద ఏజెంట్లకు సొంత నిర్మాణ విభాగాలూ ఉంటాయి. నలుగురికి మించి మనుషులు పనిచేసే షూట్ అయితే, వాడకం రెండు దేశాలకు మించితే, ఏజెంట్ ద్వారా వెళ్లడమే చివరికి చవక. ఏజెంట్ ఉన్న ఫొటోగ్రాఫర్‌కు కమిషన్ తప్పించుకుందామని నేరుగా ఉత్తరం రాసేవారున్నారు. అది వృథా ప్రయాస. ఆ ఉత్తరం ఆ సాయంత్రానికే ఏజెంట్ బల్ల మీద ఉంటుంది, బేరం అపనమ్మకంతో మొదలవుతుంది.

ఏజెంట్ పంపే పోర్ట్‌ఫోలియోను ఎలా చదవాలన్నది నా దృష్టిలో ఈ మొత్తం ఎంపికలో అత్యంత ముఖ్యమైన విషయం. ప్రఖ్యాత బ్రాండ్ పేరున్న ఫొటోలను పక్కన పెట్టండి. ఒకే షూట్‌కు చెందిన పూర్తి వరుసను అడగండి. అందులో పదో ఫొటో ఎలా ఉందో చూస్తే ఆ మనిషి నిలకడ తెలుస్తుంది. రీటచింగ్‌కు ముందూ తరవాతా ఒక్క జత చూపించమనండి, వెలుగు ఎంత కెమెరా దగ్గర పుట్టిందో, ఎంత కంప్యూటర్ దగ్గర పుట్టిందో అర్థమవుతుంది. మన అవసరాలకు సంబంధించి మరో రెండు సంగతులున్నాయి. ఫ్రాన్స్‌లో ఖరీదైన నగలు 18 క్యారెట్ల బంగారంతో చేస్తారు. పారిస్‌లో ఖరీదైన నగలకు పేరుపడ్డ ప్లాస్ వాందోమ్ కూడలి దుకాణాలకు పనిచేసే ఫొటోగ్రాఫర్ల కళ్లు వజ్రపు తెలుపుకూ, లేత పసుపుకూ అలవాటుపడి ఉంటాయి. మన 22 క్యారెట్ల నగలోని ముదురు పసుపును వారు రంగు దోషంగా భావించి రీటచింగ్‌లో తగ్గించేసే ప్రమాదం ఉంది. పట్టుచీర జరీ కూడా అంతే, తప్పు కోణంలో వెలుగు పడితే తెల్లగా పేలిపోతుంది. కాబట్టి ఎంపికకు ముందే ఒక నగనో, గజం జరీ అంచునో పంపించి పరీక్ష ఫొటో తీయించుకుని, దానికి డబ్బు చెల్లించండి. చామనఛాయ, నలుపు చర్మాలకు ఆయన వెలుగు ఎలా అమర్చాడో చూపే పాత పనినీ అడగండి. పేరున్నవారు కూడా ఇలాంటి ప్రశ్నలను గౌరవిస్తారు.

ఒక బ్రాండుకు ఒక ఫొటోగ్రాఫర్ కంటిని ఎంచుకుని ఏళ్ల తరబడి అట్టిపెట్టుకోవడం ఫ్రాన్స్‌లో పాత సంప్రదాయం. షార్ల్ జుర్దాఁ పాదరక్షలకు గీ బుర్దాఁ 1960ల చివరినుంచి దశాబ్దానికి పైగా ఫొటోలు తీశారు. వాటిలో చాలాచోట్ల చెప్పు ఒక మూలన, కథ మధ్యలో ఉంటుంది. కాషరెల్ దుస్తులకు, పరిమళాలకు సారా మూన్ తీసిన మసక వెలుగు ఫొటోలు ఆ సంస్థ ముఖంగా నిలిచాయి. గాలెరీ లాఫాయెత్ దుకాణాల ప్రచారాన్ని జాఁ-పోల్ గూద్ 2001 నుంచి ఏళ్లపాటు నడిపారు. ఒక్క పండగ సీజన్ కోసం వెతికేవారికి ఈ ఉదాహరణలు ఉపయోగపడవు. మూడు నాలుగేళ్లు ఒకే రూపంతో కనిపించాలనుకునే సంస్థ మాత్రం ఏజెంట్‌తో ఆ మాట ముందే చెప్పాలి. రోజు పారితోషికం మీద చేయలేని బేరం ఆ హామీ మీద చేయవచ్చు.

కదిలే చిత్రమైతే నిర్మాణ సంస్థే

ఫొటో షూట్ కోసం మాట్లాడుకున్న బృందం చేతనే ఆ రోజు చివర్లో ముప్పై సెకన్ల వీడియో కూడా తీయించుకుందామన్న ఆలోచన ఈ మధ్య ప్రతి క్లయింటూ చెబుతున్నారు. సోషల్ మీడియాకు పనికొచ్చే చిన్న కదలికలకు ఇది సరిపోతుంది. టీవీకో థియేటర్‌కో వెళ్లే యాడ్ ఫిల్మ్‌కు ఈ దారి వద్దని గట్టిగా చెబుతాను. కారణం కళకు సంబంధించింది కాదు, ఉద్యోగ చట్టానికి సంబంధించింది. యాడ్ ఫిల్మ్‌లో పనిచేసే కెమెరా సహాయకుడు, లైట్‌మ్యాన్, సౌండ్ ఇంజనీరు, వీరందరూ సాధారణంగా పనిరోజులకు మాత్రమే పరిమితమైన ప్రత్యేక ఉద్యోగ ఒప్పందంతో జీతానికి పనిచేస్తారు. ఏడాదిలో 507 గంటల పని చూపించగలిగితే, పని లేని రోజులకు వారికి నిరుద్యోగ భృతి వస్తుంది. ఆ గంటలు లెక్కకు రావాలంటే యజమాని సరైన వర్గానికి చెందిన సంస్థ కావాలి, జీతం స్లిప్పు ఇవ్వాలి, చందాలు కట్టాలి. బిల్లు మీద డబ్బు ఇస్తాను రమ్మంటే మంచి సాంకేతిక నిపుణులు రారు. వచ్చేవారు ఎందుకు వచ్చారో ఆలోచించుకోవాలి.

నిర్మాణ సంస్థ మీకిచ్చే అసలు సేవ ఈ యజమాని బాధ్యతే. కొటేషన్‌లో జీతాల కింద ఉండే సామాజిక చందాల వరుస చూసి మన క్లయింట్లు ఉలిక్కిపడతారు, దాన్ని తగ్గించమంటారు. అది తగ్గేది కాదు. పని గంటలూ అంతే: అక్కడి చట్టబద్ధమైన వారం 35 గంటలు, రోజుకు సాధారణ గరిష్ఠం 10 గంటలు, కార్మిక సంఘాలతో సామూహిక ఒప్పందం ఉంటే 12 వరకు, రెండు పనిదినాల మధ్య 11 గంటల విశ్రాంతి తప్పనిసరి. మన కాల్షీట్లకు అలవాటుపడిన సహాయ దర్శకుడు, 'ఇంకో రెండు గంటలు లాగుదాం' అన్న ధీమాతో షెడ్యూలు వేస్తే, ఆ రెండు గంటలు మర్నాటి ఉదయాన్ని మింగేస్తాయి.

ఇక దర్శకుడి ఎంపిక. పార్తిజాన్, క్వాడ్, వాండా, ఐకనోక్లాస్త్ వంటి పారిస్ సంస్థలు ఒక్కొక్కటి కొందరు దర్శకులకు ప్రాతినిధ్యం వహిస్తాయి, కాబట్టి దర్శకుణ్ణి ఎంచుకోవడమంటే చాలామేరకు సంస్థను ఎంచుకోవడమే. అక్కడి ఆనవాయితీ ప్రకారం ముగ్గురు దర్శకులకు స్క్రిప్టు పంపి, ఒక్కొక్కరి దగ్గర, యాడ్‌ను ఎలా తీస్తారో వివరించే ట్రీట్‌మెంట్, దానితోపాటు కొటేషన్ తీసుకుంటారు. ట్రీట్‌మెంట్‌లో అందమైన ఫొటోల కోల్లాజ్ ఎంత ఉన్నా పట్టించుకోకండి. మీ స్క్రిప్టులో లేని ప్రశ్నను ఎవరు లేవనెత్తారో చూడండి. జట్టులో ఎవరెవరు ఉంటారో, ముఖ్యంగా ఛాయాగ్రాహకుడూ ఎడిటరూ ఎవరో, పేర్లతో చెప్పమనండి. దర్శకుడి పాత యాడ్‌లలో ఎంత ఆయనదో, ఎంత ఏజెన్సీదో, ఎంత పెద్ద బడ్జెట్‌దో విడదీయడానికి, తక్కువ డబ్బుతో తీసిన ఒక పనిని అడగడమే మార్గం.

యాడ్ ఫిల్ములనుంచి సినిమాకూ, సినిమానుంచి యాడ్ ఫిల్ములకూ రాకపోకలు ఫ్రాన్స్‌లో సహజం. షనెల్ నంబర్ 5 పరిమళానికి సినిమా దర్శకులైన లూక్ బెసోఁ 1998లో, 2009లో జాఁ-పియెర్ జునె యాడ్‌లు తీశారు. మిషెల్ గోఁద్రీ మ్యూజిక్ వీడియోలు, యాడ్‌లు చేసిన తరవాతే సినిమాలకు వెళ్లారు. ఈ రాకపోకల వల్ల మనకు కలిగే లాభం ఏమిటంటే, ఇంకా సినిమా తీయని, తీయాలని తపిస్తున్న యువ దర్శకులు నిర్మాణ సంస్థల జాబితాల అడుగున ఉంటారు. మధ్యస్థ బడ్జెట్ ఉన్నవారికి నా సలహా, పేరున్న దర్శకుడి తీరిక లేని రెండు రోజులకన్నా, అలాంటి యువ దర్శకుడి పూర్తి శ్రద్ధను ఎంచుకోమని. అయితే ఆయన వెనక సంస్థ అనుభవం ఉన్నదై ఉండాలి, ఫొటోల విషయంలో దీన్ని అంత గట్టిగా చెప్పను.

దర్శకుడు ఫ్రెంచ్ చట్టంలో రచయితే. సంగీత దర్శకుడూ అంతే. నటీనటులకు వేరే హక్కులున్నాయి. కాబట్టి యాడ్ ఫిల్మ్ కొటేషన్‌లో నిర్మాణ వ్యయం ఎంతో, ఆ తరవాత ప్రతి ప్రాంతానికీ, ప్రతి ఏడాదికీ కట్టవలసిన హక్కుల మొత్తం ఎంతో వేరువేరుగా చూపించమనాలి. రెండు సంస్థల కొటేషన్లను పోల్చేటప్పుడు ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. ఒకరు హక్కులు కలిపి, మరొకరు కలపకుండా ఇస్తారు, తక్కువ కనిపించినది నిజానికి ఎక్కువ అవుతుంది. ఆ యాడ్ ఫ్రాన్స్ టీవీలో కూడా రావాలంటే అక్కడి ప్రకటనల స్వీయ నియంత్రణ సంస్థ ఏఆర్‌పీపీ ముందస్తు అభిప్రాయం తప్పనిసరి; 1994 నాటి తుబోఁ చట్టం ప్రకారం ఫ్రెంచ్ భాషా కావాలి. మద్యం బ్రాండులకు 1991 నాటి ఎవాఁ చట్టం టీవీని పూర్తిగా మూసేసింది.

మన దర్శకుడు, వారి ఏర్పాట్లు

తెలుగు యాడ్ దర్శకుణ్ణీ, హీరోనూ తీసుకెళ్లి ఏర్పాట్లు మాత్రం ఫ్రెంచ్ సంస్థ చేత చేయించుకునే నాలుగో దారి, కథ మనదై, నేపథ్యం మాత్రం పారిస్ అయినప్పుడు సరైనది. భాష, హావభావం, పండగ సందర్భం తెలిసిన దర్శకుడు చేతిలో ఉంటాడు. ఆ సంస్థ అనుమతులు, స్థానిక సిబ్బంది, వాహనాలు, పరికరాలు, బీమా చూస్తుంది. దీన్ని ఎంచుకునేముందు మూడు భ్రమలు వదులుకోవాలి.

మొదటిది రాయితీ. ఫ్రాన్స్ విదేశీ చిత్రాలకు అక్కడి ఖర్చులో 30 శాతం పన్ను రాయితీ ఇస్తుందన్న మాట మన సినీ పరిశ్రమలో అందరికీ తెలుసు. అది కథా చిత్రాలకు, యానిమేషన్‌కు. యాడ్ ఫిల్ములకు వర్తించదు. రాయితీ వస్తుందని నమ్మి బడ్జెట్ వేసుకున్నవారిని నేను చూశాను.

రెండోది, మనవాళ్లు వెళతారు కాబట్టి అక్కడి ఉద్యోగ చట్టంతో పని లేదన్నది. దృశ్య మాధ్యమ నిర్మాణానికి నేరుగా సంబంధించిన సాంకేతిక సిబ్బందికీ, మోడల్స్‌కూ మూడు నెలల లోపు పనికి ప్రత్యేక వర్క్ పర్మిట్ నుంచి మినహాయింపు ఉన్న మాట నిజం. కానీ వీసా కావాలి, అందులో వెళ్లే పని నిజాయితీగా చెప్పాలి. విదేశీ సంస్థ తన ఉద్యోగులను ఫ్రాన్స్‌లో పనికి పంపితే అక్కడి కార్మిక శాఖకు ముందుగా ఆన్‌లైన్‌లో తెలియజేయాలి. టూరిస్టు వీసాతో హ్యాండీక్యామ్ పట్టుకెళ్లి పాట తీసుకొచ్చిన పాత రోజుల కథలు విని ధైర్యం చేయవద్దు, ప్రకటనలో బ్రాండ్ పేరు ఉంటుంది, దొరికిపోయేది ఆ బ్రాండే. కెమెరాలు, లెన్సులు తీసుకెళితే ఏటీఏ కార్నె (పరికరాలను సుంకం కట్టకుండా తాత్కాలికంగా తీసుకెళ్లి వెనక్కి తెచ్చుకునేందుకు ఇచ్చే కస్టమ్స్ పత్రం) తీసుకోవాలి. మన దేశంలో దాన్ని వాణిజ్య, పరిశ్రమల సమాఖ్య ఫిక్కీ జారీ చేస్తుంది. నా అనుభవంలో కెమెరా బాడీ పారిస్‌లో అద్దెకు తీసుకుని, దర్శకుడికి అలవాటైన లెన్సులు మాత్రం తీసుకెళ్లడం మంచిది.

మూడో భ్రమ, వీధిలో కనిపించేది అందరిదీ అన్నది. ఫ్రాన్స్‌లో బహిరంగ ప్రదేశాల్లోని భవనాలను ఫొటో తీసి వాడుకునే స్వేచ్ఛ 2016 చట్టంతో వచ్చింది గానీ, అది వ్యక్తులకు, వాణిజ్యేతర వాడకానికి మాత్రమే. వాస్తుశిల్పి మరణించి 70 ఏళ్లు గడవని భవనం మీ యాడ్‌లో ముఖ్యంగా కనిపిస్తే అనుమతి కావాలి. లూవ్ర్ మ్యూజియం ముంగిట 1989లో వెలసిన గాజు పిరమిడ్ అలాంటిదే. ఐఫిల్ టవర్ పగటి చిత్రానికి ఇబ్బంది లేదు, కానీ రాత్రి దీపాలంకరణ మీద హక్కులున్నాయి; వృత్తిపరమైన వాడకానికి టవర్ నిర్వహణ సంస్థ అనుమతి తీసుకోవాలి. షాఁబోర్ కోట చిత్రాన్ని ఒక బీరు కంపెనీ ప్రకటనలో వాడుకోవడంతో మొదలైన వివాదం, జాతీయ ఆస్తులుగా గుర్తించిన ప్రదేశాల చిత్రాలను వ్యాపారానికి వాడాలంటే ముందస్తు అనుమతి కావాలన్న 2016 చట్టానికి దారితీసింది. ఇవన్నీ ఏర్పాట్ల సంస్థకు కంఠతా వచ్చి ఉండాలి. ఎంపిక సమావేశంలో ఈ మూడు ప్రదేశాల గురించి అడిగి చూడండి; 'అదంతా చూసుకుంటాం' అన్న జవాబు కాకుండా, దేనికి ఎవరి అనుమతి, ఎన్ని వారాలు అన్న జవాబు ఇచ్చినవారిని ఎంచుకోండి.

అసలు పారిసే ఎందుకన్న ప్రశ్న కూడా వేసుకోవాలి. నీస్‌లో 1919లో మొదలైన విక్టోరీన్ స్టూడియోలు, దక్షిణ ఫ్రాన్స్ ఎండ, సముద్రం ఒకే ఊళ్లో దొరుకుతాయి. ఆ దక్షిణ ప్రాంతంలోనే ఉన్న వలాఁసోల్ పీఠభూమి మీద లావెండర్ పూసేది జూన్ మధ్యనుంచి జూలై మధ్య వరకు, ఆ తరవాత కోతలు. ఆగస్టులో వెళ్లి ఊదా రంగు కావాలంటే దొరకదు. పారిస్‌లో డిసెంబర్‌లో పగటి వెలుగు ఎనిమిది గంటలు, జూన్‌లో పదహారు, అంటే ఒకే డబ్బుకు రెట్టింపు వెలుగు. ఆగస్టులో సగం కార్యాలయాలు సెలవులో ఉంటాయి. ఫ్యాషన్ వారాలు జరిగే మార్చి మొదట్లోనూ, సెప్టెంబర్ చివరలోనూ మంచి మేకప్ కళాకారులు, స్టూడియోలు దొరకడం కష్టం, దొరికినా ఖరీదు. దసరా, దీపావళి ప్రచారానికి మే, జూన్ నెలలు మనకు అన్నివిధాలా కలిసివస్తాయి.

చెల్లింపు, చివరి ఎంపిక

వేసవిలో పది వస్తువుల ఫొటోలు కావలసిన సంస్థ నేరుగా ఫొటోగ్రాఫర్‌ను కుదుర్చుకోవాలి. మోడల్‌తో, హోర్డింగులతో కూడిన ప్రచారానికి ఏజెంట్. ఫ్రెంచ్ దృష్టి, ఫ్రెంచ్ శైలి కావాలని ప్రత్యేకంగా కోరుకునే టీవీ యాడ్‌కు నిర్మాణ సంస్థ. తెలుగు మాటలు, తెలుగు ముఖం ఉన్న యాడ్‌కు మన దర్శకుడు, వారి ఏర్పాట్లు. ఫొటోలూ ఫిల్మూ రెండూ కావాలంటే నిర్మాణ సంస్థను ప్రధానంగా తీసుకుని, ఫొటోగ్రాఫర్‌తో హక్కుల ఒప్పందం మాత్రం విడిగా చేసుకోవాలి. ఇద్దరి హక్కులూ ఒకే కాగితం మీద కలిపితే రెండూ అస్పష్టమవుతాయి.

డబ్బు పంపేముందు భారత్, ఫ్రాన్స్‌ల మధ్య ఉన్న ద్వంద్వ పన్ను నివారణ ఒప్పందం చూసుకోవాలి. హక్కుల చెల్లింపు మీద ఇక్కడ మూలంలోనే పన్ను మినహాయించవలసి వస్తుంది; ఒప్పందపు రేటు వర్తించాలంటే అవతలివారి పన్ను నివాస ధ్రువపత్రం కావాలి. ఆ పత్రాన్ని షూటింగ్ అయ్యాక అడిగితే వారాలు పడుతుంది, పైగా 'నా బిల్లులో కోత ఏమిటి' అన్న గొడవ వస్తుంది. కొటేషన్ దశలోనే చెప్పి, పన్ను ఎవరు భరిస్తారో రాసుకోవాలి. అడ్వాన్సు ఎక్కువగా అడుగుతారు, అది అపనమ్మకం కాదు. జీతాలు వారు ముందే కట్టాలి.

ఒప్పందం మీద సంతకాలయ్యాక చేయవలసినది ఒకటుంది. హక్కులు ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తాయో ఆ రెండు తేదీలనూ కాగితం మీదే ఉంచకుండా, మార్కెటింగ్ విభాగం, దుకాణాల విభాగం, సోషల్ మీడియా చూసే బయటి సంస్థ, ఈ ముగ్గురి క్యాలెండర్లలోనూ వేయించండి. ముగింపు తేదీకి మూడు నెలల ముందు మరో గుర్తు పెట్టించండి, పొడిగించుకోవాలో, ఫొటోలను దించేయాలో ఆ రోజున కూర్చుని తేల్చుకోవచ్చు.